ఇంజిన్ బయటపడే దారి: చిన్న మోడల్ రైల్వే టెర్మినస్‌కు ట్రాక్ ప్లాన్ వేసుకోవడం

తెనాలి నుంచి బయలుదేరిన లైను రేపల్లెలో ఆగిపోతుంది. భీమవరం నుంచి వచ్చేది నర్సాపురంలోను, గుడివాడ నుంచి వచ్చేది మచిలీపట్నంలోను ముగుస్తాయి. అక్కడి నుంచి ముందుకు పట్టా లేదు కనుక వచ్చిన రైలు వచ్చిన దారినే పోవాలి. పెట్టెలకు ఎటు నడిచినా ఒకటే గాని, ఇంజిన్ మాత్రం పెట్టెలకూ డెడ్ ఎండ్‌కూ మధ్య చిక్కుబడి ఉంటుంది. దాన్ని విడదీసి, పక్క లైను మీదుగా నడిపించి, రైలు అవతలి కొసకు తగిలిస్తే తప్ప తిరుగు ప్రయాణం మొదలు కాదు. హౌరా, చెన్నై మధ్య తిరిగే రైళ్ళలో ప్రయాణించేవారు విశాఖపట్నంలో ఇలా ఇంజిన్ ఒక కొస నుంచి మరో కొసకు మారడాన్ని చూసే ఉంటారు.

ఇంట్లో మోడల్ రైల్వే కట్టుకునేవారికి ఈ చిక్కే వరం. గుండ్రంగా వేసిన లేఅవుట్‌లో రైలు తిరుగుతూనే ఉంటుంది, నడిపేవారు చూస్తూనే ఉంటారు. పది నిమిషాలయ్యేసరికి చేతికి పని తోచదు. టెర్మినస్‌లో ఒక్క ప్యాసింజరు వచ్చి వెళ్ళడానికే ఏడెనిమిది కదలికలు కావాలి, దానికి గోడ వెంట పుస్తకాల అలమర పట్టేంత చోటు చాలు. అయితే ఆ కదలికలన్నీ కుదరాలంటే పట్టాలు కొనకముందే కొలతలు తేలాలి. కొత్తవారిలో చాలామంది, ఒకప్పుడు నేను కూడా, ఈ పలక మీద ఎన్ని లైన్లు పడతాయన్న లెక్కతో మొదలుపెడతారు. ఇంజిన్ ఎటు నుంచి బయటపడుతుంది, అందుకు ఎంత పొడవు కావాలి అన్న లెక్కతో మొదలుపెడితే లైన్ల సంఖ్య దానంతట అదే తేలుతుంది.

ఈ వివరణకు ఒక ఊహా స్టేషన్‌ను తీసుకుంటున్నాను. కృష్ణా డెల్టాలో ఒక బ్రాంచి లైను చివర ఉన్నట్టు, ఒకే ప్లాట్‌ఫారం, ఒక లూప్ లైను (మెయిన్ లైను పక్కనే నడిచి, రెండు కొసలా దానితోనే కలిసే లైను), ఒక గూడ్స్ సైడింగ్ (వ్యాగన్లు నిలిపే, ఒక కొస మూసిన పక్క లైను) ఉన్నట్టు అనుకుందాం. స్కేలు హెచ్‌ఓ, అంటే 1:87, అసలు కొలతలో 87వ వంతు. బేస్‌బోర్డు, అంటే పట్టాలు పరిచే పలక, ఎనిమిది అడుగుల పొడవు, పదహారు అంగుళాల వెడల్పు. దుకాణంలో దొరికే 8 × 4 ప్లైవుడ్ షీటును పొడవునా మూడు పట్టీలుగా కోయిస్తే ఇలాంటివి మూడు వస్తాయి; ఒకటి స్టేషన్‌కు పోయినా రెండు మిగులుతాయి. మిల్లీమీటర్లలో చెప్పాలంటే పొడవు 2440, వెడల్పు దాదాపు 400.

రైలును కొలవడం

అసలు రైలు పొడవుతో పోల్చుకుంటే మొదట గుండె జారుతుంది. ఐసీఎఫ్ పెట్టె (చెన్నై ఫ్యాక్టరీ నమూనాలోని పాత రకం పెట్టె) ఒక కొస బఫర్ నుంచి మరో కొస బఫర్ వరకు పొడవు 22.3 మీటర్లు. ఇరవై నాలుగు పెట్టెల ఎక్స్‌ప్రెస్‌ను 1:87లో చేస్తే ఇంజిన్‌ను లెక్కించకుండానే ఆరు మీటర్లు దాటుతుంది. మన రైల్వేల్లో గూడ్స్ నిలిపే లూప్ లైనుకు ప్రామాణికమైన పొడవు 686 మీటర్లు. అది ఇంట్లో దాదాపు 7.9 మీటర్లవుతుంది, అంటే హాలు, వంటిల్లు, వాటి మధ్య గోడ. అందువల్ల కుదించక తప్పదు. కుదించవలసింది పెట్టెల సంఖ్యను మాత్రమే. పెట్టె పొడవును కుదించిన మోడళ్ళు పక్కపక్కన నిలబెట్టినప్పుడు ఆటబొమ్మల్లా కనిపిస్తాయని నా అభిప్రాయం.

ఐసీఎఫ్ పెట్టె 1:87లో 256 మి.మీ. ఉంటుంది. కొత్త రకమైన 24 మీటర్ల ఎల్‌హెచ్‌బీ పెట్టె 276 మి.మీ. డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజిన్ పొడవు 17.12 మీటర్లు కనుక 197 మి.మీ. అవుతుంది. ఎలక్ట్రిక్ ఇంజిన్లలో డబ్ల్యూఏపీ-4 అయితే 216, డబ్ల్యూఏపీ-7 అయితే 236. గూడ్స్ వైపు చూస్తే, బియ్యం, సిమెంటు, ఎరువులు మోసే బీసీఎన్ వ్యాగన్ 177 మి.మీ., బొగ్గు మోసే బాక్స్‌ఎన్ 123 మి.మీ. ఉంటాయి. మీ దగ్గర మోడల్ ఉంటే ఈ లెక్కను పక్కన పెట్టి, కప్లింగులు (బండ్లను కలిపే కొక్కేలు) తగిలించి, బిగువుగా లాగి, టేపుతో కొలవండి. కంపెనీని బట్టి కప్లింగు పొడవు మారుతుంది.

మన ఊహా స్టేషన్‌కు ఒక డబ్ల్యూడీఎం-2, నాలుగు ఐసీఎఫ్ పెట్టెలు చాలు. నాలుగు పెట్టెల ప్యాసింజరు బ్రాంచి లైను మీద నమ్మదగినట్టే ఉంటుంది. మూడు పెట్టెలు కూడా ఫరవాలేదు, రెండింటికి దిగితే మాత్రం స్టేషన్ కంటే రైలు చిన్నదిగా కనిపిస్తుంది.

ప్లాన్‌ను నిలబెట్టే లెక్క

ఇప్పుడు డెడ్ ఎండ్ నుంచి మొదలుపెట్టి ఎడమవైపు కొలుచుకుంటూ వద్దాం. రైలు ఎడమ నుంచి వస్తుంది, బఫర్, అంటే లైను చివర రైలును ఆపే దిమ్మె, కుడివైపున ఉంటుంది. రైలు వచ్చి ఆగాక ఇంజిన్‌ను విడదీస్తారు, అది కొంచెం ముందుకు జరిగి, పాయింటు (బండిని ఒక లైను నుంచి మరో లైనుకు మళ్ళించే చోటు) దాటి, బఫర్ దగ్గర ఆగుతుంది, పాయింటు మారుస్తారు, ఇంజిన్ వెనక్కి నడిచి లూప్ లైనులోకి వెళ్తుంది, లూప్ పొడవునా నడిచి, ఎడమ కొసన ఉన్న పాయింటు దాటి మెయిన్ లైను మీద ఆగుతుంది, ఆ పాయింటు కూడా మార్చాక ముందుకు వచ్చి పెట్టెలకు తగులుతుంది. ఈ ఒక్క వాక్యంలో అయిదు పొడవులు దాగి ఉన్నాయి.

మొదటిది బఫర్‌కూ కుడి పాయింటు నాలుకలకూ (బండిని మళ్ళించడానికి అటూ ఇటూ కదిలే పట్టాలకూ) మధ్య ఇంజిన్ నిలబడే తోక. 197 మి.మీ. ఇంజిన్‌కు 250 ఇవ్వండి. రెండవది పాయింటు నాలుకల నుంచి ఫౌలింగ్ మార్కు వరకు ఉన్న దూరం, అంటే పక్క లైను మీద పోయే బండికి తగలకుండా పెట్టె నిలబడగలిగే మొదటి స్థానం వరకు. పీకో కంపెనీ స్ట్రీమ్‌లైన్ రకంలో మీడియం పాయింటు పొడవు 219 మి.మీ. దాని కొసన రెండు లైన్ల మధ్య దూరం 25 మి.మీ. మాత్రమే ఉంటుంది. 1:87లో ఐసీఎఫ్ పెట్టె వెడల్పు 37 మి.మీ. కనుక, కాస్త ఎడం కలుపుకుని, మధ్య గీతల దూరం 44కు చేరితే గాని రెండు బండ్లు క్షేమంగా నిలబడవు. పన్నెండు డిగ్రీల కోణంలో అక్కడికి చేరేసరికి ఇంకో 90 మి.మీ. ఖర్చవుతుంది. మొత్తం 310. ప్లాన్లు చెడిపోయేది ఎక్కువగా ఈ అంకె దగ్గరే. పాయింటు అయిపోయిన చోటు నుంచే పెట్టె నిలబడుతుందని అనుకుంటాం.

మూడవది నాలుగు పెట్టెలు నిలిచే చోటు. 1024కు ఆపడంలో వచ్చే తేడా కలిపి 1090 ఇద్దాం. నాలుగవది ఎడమ ఫౌలింగ్ మార్కు నుంచి ఎడమ పాయింటు నాలుకల వరకు మళ్ళీ 310. అయిదవది ఆ పాయింటు దాటాక ఇంజిన్ నిలబడేందుకు 250. అన్నీ కూడితే 2210 అవుతుంది. మన పలక 2440. అంటే 230 మి.మీ. మాత్రమే మిగిలింది, ఈ లెక్క వేయకుండా మొదలుపెట్టి ఉంటే అయిదో పెట్టె కొనేవాళ్ళం.

ఈ తోక విషయంలో నేను చేసిన పొరపాటును చెప్పాలి. నా మొదటి లేఅవుట్‌లో 197 మి.మీ. ఇంజిన్‌కు సరిగ్గా 200 మి.మీ. తోక వదిలాను, మూడు మిల్లీమీటర్లు మిగిలాయి కదా అని సంతోషించాను కూడా. బఫర్ దిమ్మెకు ఉన్న మందాన్ని లెక్కలోకి తీసుకోలేదు. ఇంజిన్ బఫర్‌కు ఆనుకున్నాక చూస్తే వెనుక బోగీ (చక్రాల చట్రం) చివరి చక్రం పాయింటు నాలుక మీదే ఉంది. నాలుక కదలదు, కదిలిస్తే చక్రం పట్టా తప్పుతుంది. పాయింటును ఊడదీసి ఎడమకు జరపడానికి అప్పటికే అతికించిన కంకరను స్పూనుతో గీకవలసి వచ్చింది. ఆ తరువాత నుంచి ఇంజిన్ పొడవుకు కనీసం 50 మి.మీ. కలుపుతున్నాను. మునుముందు డబ్ల్యూఏపీ-7 కొనే ఆలోచన ఉన్నవారు ఇప్పుడే 290 వదలాలి. అప్పుడు రెండు కొసల తోకలకూ కలిపి 80 మి.మీ. అదనంగా పోతుంది, మిగిలిన 230 నుంచి దాన్ని తీయవచ్చు.

హెచ్‌ఓలో ఇంత పొడవు దొరకనివారు 1:160 ఎన్ స్కేలు గురించి ఆలోచించాలి. అందులో ఐసీఎఫ్ పెట్టె 139 మి.మీ. మాత్రమే; పై లెక్క అంతా నాలుగున్నర అడుగుల్లోపు వచ్చేస్తుంది. నా కళ్ళకు, వేళ్ళకు అది మరీ చిన్నది.

పాయింట్లను ఎంచుకోవడం

మన రైల్వేల్లో ప్యాసింజరు రైళ్ళు మలుపు తీసుకునే చోట సాధారణంగా 12లో 1 పాయింట్లు (12 అడుగులు ముందుకు పోతే ఒక అడుగు పక్కకు జరిగేవి), యార్డుల్లో 8.5లో 1 పాయింట్లు వాడతారు. 12లో 1 పాయింటు మొత్తం పొడవు దాదాపు 40 మీటర్లు, మన స్కేలులో 460 మి.మీ. పీకో స్ట్రీమ్‌లైన్ పాయింట్లన్నీ పన్నెండు డిగ్రీల కోణంలో ఉంటాయి, అంటే దాదాపు 4.7లో 1. స్మాల్, మీడియం, లార్జ్ అన్న తేడా వంపు వ్యాసార్ధంలోనే ఉంది. అవి సుమారుగా 610, 914, 1524 మి.మీ. పొడవులు 185, 219, 258. అసలైన దానికి దగ్గరగా ఉండాలంటే లార్జ్ తీసుకోవాలి గాని, చిన్న టెర్మినస్‌లో ప్రతి పాయింటుకూ 39 మి.మీ. అదనంగా పోగొట్టుకోవడం కష్టం. మీడియం నాకు సమ్మతమైన మధ్యేమార్గం. పిల్లల సెట్లతో వచ్చే సెట్‌ట్రాక్ పాయింట్ల వ్యాసార్ధం 438 మి.మీ. మాత్రమే, వాటి మీద ఐసీఎఫ్ పెట్టె నడిస్తే నడవవచ్చు, పక్క పెట్టెతో మూలలు రాసుకుంటూ పోయే దృశ్యం మాత్రం బాగుండదు.

వంపు వ్యాసార్ధం అతి పొడవైన బండికి కనీసం మూడు రెట్లు ఉండాలన్నది మోడలర్లలో వాడుకలో ఉన్న కొలబద్ద. మన పెట్టెకు అది 768 మి.మీ., అంటే ముప్పై అంగుళాల పైచిలుకు. అంతకంటే ముఖ్యమైనది ఎదురు వంపు. కుడికి తిరిగిన వెంటనే ఎడమకు తిరిగితే ఒక పెట్టె కొస ఇటు, తరువాతి పెట్టె కొస అటు జరిగి, కప్లింగు అడ్డంగా లాగబడి, తేలికైన బండి పట్టా తప్పుతుంది. పక్కపక్క లైన్లను కలిపే ప్రతి క్రాసోవర్‌లోనూ ఈ ఎదురు వంపు ఉంటుంది.

మన ప్లాన్‌లో దీనికి సులువైన విరుగుడు ఉంది. ప్లాట్‌ఫారం లైనును రెండు పాయింట్ల నేరు దారిలో ఉంచి, లూప్‌ను వంపు దారిలో పెట్టండి. అప్పుడు పెట్టెలు ఎప్పుడూ నేరుగానే నడుస్తాయి. ఎదురు వంపులో నుంచి పోయేది 197 మి.మీ. ఇంజిన్, అప్పుడప్పుడూ గూడ్స్ వ్యాగన్లు మాత్రమే. నిజమైన స్టేషన్లలో కూడా మెయిన్ లైను నేరుగా, లూప్ పక్కగా ఉంటుంది గనుక కంటికీ సహజంగానే తోస్తుంది. స్ట్రీమ్‌లైన్ పాయింట్లతో వచ్చే 50.8 మి.మీ. లైన్ల ఎడాన్ని అలాగే ఉంచుకోవచ్చు. పాత బ్రాడ్‌గేజ్ లైన్ల మధ్య కనీస దూరమైన 4.265 మీటర్లు మన స్కేలులో 49 మి.మీ. కనుక పాత స్టేషన్‌కు అది అతికినట్టు సరిపోతుంది. కొత్త పనులకు నిర్ణయించిన 5.3 మీటర్లు కావాలనుకునేవారు 61 మి.మీ. ఇవ్వాలి, దానితో పాటు ఇంకొంత పొడవునూ వదులుకోవాలి. పట్టాల మధ్య దూరం విషయంలో మాత్రం రాజీ తప్పదు: 1676 మి.మీ. బ్రాడ్‌గేజ్ 1:87లో 19.3 మి.మీ. కావాలి, బజారులో దొరికే పట్టా 16.5 మి.మీ. దీని గురించి బాధపడేవారు పట్టాను చేత్తో తయారు చేసుకుంటారు. తక్కినవారు పక్క నుంచి చూస్తారు.

గూడ్స్ సైడింగ్

సైడింగ్ పాయింటు మెయిన్ లైనులో కాక లూప్‌లో ఉండాలి. నిజమైన రైల్వేలో ప్యాసింజరు నడిచే లైనుకు సైడింగ్ నుంచి దొర్లి వచ్చే వ్యాగన్ అడ్డం పడకుండా ట్రాప్ పాయింటు వంటి ఏర్పాటు చేస్తారు. మోడల్‌లో దాన్ని పనిచేయనిదిగానైనా రెండు చిన్న నాలుకలతో చూపించవచ్చు.

ఇక పాయింటు ఎటు తెరుచుకోవాలన్నది. నాలుకలు ఎడమవైపు, అంటే రైలు వచ్చే వైపు ఉండి, సైడింగ్ కుడికి పోతే, గూడ్స్ వచ్చాక ఇంజిన్ ముందు లూప్ చుట్టి ఎడమ కొసకు రావాలి, ఆ తరువాతే వ్యాగన్లను లోపలికి నెట్టగలుగుతుంది. నాలుకలు కుడివైపు ఉంటే ఇంజిన్ వచ్చినదారినే వ్యాగన్లను వెనక్కి నెట్టవచ్చు గాని, అందుకు ఇంజిన్ వ్యాగన్లతో సహా నాలుకలు దాటి కుడికి రావాలి. అక్కడ మనం వదిలింది ఒక ఇంజిన్ పట్టే 250 మి.మీ. తోక మాత్రమే. కాబట్టి మన ప్లాన్‌కు మొదటిదే సరి. అదనంగా ఒకసారి ఇంజిన్ తిప్పడం పని పెంచుతుంది గాని చోటు అడగదు.

సైడింగ్ నాలుకలను బఫర్ నుంచి 1600 మి.మీ. దగ్గర పెడదాం. ఇంజిన్, మూడు బీసీఎన్ వ్యాగన్లు కలిపి దాదాపు 730 మి.మీ. అవి నాలుకలు దాటి ఎడమకు లాగితే 2330 దగ్గర ఆగుతాయి. మన పలక 2440. మూడు వ్యాగన్ల షంటింగ్, అంటే వాటిని ముందుకూ వెనక్కూ నడిపి చోటు మార్చడం, స్టేషన్ పలక మీదే పూర్తవుతుంది. నాలుగో వ్యాగన్ వస్తే ఇంజిన్ పలక దాటి పోతుంది. ఆ సమయంలో ప్యాసింజరు పెట్టెలు ప్లాట్‌ఫారం దగ్గర నిలిచి ఉన్నా ఎడమ ఫౌలింగ్ మార్కుకు ఇవతలే ఉంటాయి గనుక అడ్డు రావు.

బ్రిటన్‌లో అలన్ రైట్ రూపొందించిన ఇంగిల్‌నుక్ అనే షంటింగ్ చిక్కుముడిలో కూడా షంటింగ్ నెక్ (వ్యాగన్లను వెనక్కి లాగే లైను ముక్క) పొడవు ఇంజిన్, మూడు వ్యాగన్లే. అందులో రెండే పాయింట్లు, అయిదు, మూడు, మూడు వ్యాగన్లు పట్టే మూడు సైడింగులు, ఎనిమిది వ్యాగన్లు. చీట్లు తీసి, వచ్చిన వరుసలో అయిదు వ్యాగన్ల బండిని కూర్చాలి. నెక్‌లో మూడే పట్టడమే ఆ ఆటకు ప్రాణం. నాలుగు పట్టేలా పొడిగిస్తే పని చాలా సులభమై ఆసక్తి పోతుంది. చోటు తక్కువైనచోట ఏది ఎంత తక్కువో ఎంచుకునే స్వేచ్ఛ మనదే. మీకు గూడ్స్ పనే ఇష్టమైతే మన సైడింగ్‌లో ఇంకో పాయింటు పెట్టి రెండుగా చీల్చండి. అంతకు మించి మూడో చీలిక పెట్టాలన్న కోరిక కలిగినప్పుడు గూడ్స్ షెడ్డు, లారీలు తిరిగే ఆవరణ, ఒక వేపచెట్టు ఎక్కడ పెడతారో కూడా ఆలోచించాలి. పట్టాలతో నిండిన పలక స్టేషన్‌లా ఉండదు, పట్టాల దుకాణంలా ఉంటుంది.

లూప్ లేని టెర్మినస్

ఇంజిన్ చుట్టి రావడం తప్పనిసరి కాదు. 1957లో సిరిల్ ఫ్రీజర్ ప్రచురించిన మైనరీస్ అనే ప్లాన్ లండన్ నగరంలోని ఇరుకైన టెర్మినస్‌ను ఊహించి గీసినది. జంట లైను, మూడు ప్లాట్‌ఫారం లైన్లు, ఆరు పాయింట్లు మాత్రమే, లూప్ లేదు. రైలు వచ్చి ఆగాక, వేరొక ఇంజిన్ వెనుక కొసకు తగిలి దాన్ని తీసుకుపోతుంది. మొదటి ఇంజిన్ విడుదలై తరువాతి రైలు కోసం పక్కన వేచి ఉంటుంది. ఈ ప్లాన్ ఇన్నేళ్ళుగా ఇన్ని ఇళ్ళలో నిలవడానికి కారణం, దాని క్రాసోవర్లు ఎదురెదురు వంపులను దాదాపు అన్ని దారుల్లోనూ తప్పించేలా అమర్చబడి ఉండటం. లూప్ లేదు గనుక కుడి పాయింటుకు పోయే 310 మిగులుతుంది, దానికి బదులు రెండో ఇంజిన్ కొనాలి.

మన దగ్గర కరెంటుతో నడిచే మెము, డీజిల్‌తో నడిచే డెము బండ్లకు ఆ ఖర్చు కూడా లేదు, రెండు కొసల్లోనూ డ్రైవరు గది ఉంటుంది. 2023 డిసెంబరులో మొదలైన అమృత్ భారత్ రైళ్ళలో రెండు కొసలా ఇంజిన్లే ఉంటాయి. ఇవాళ్టి బ్రాంచి లైనును చూపించదలచినవారు లూప్ లేకుండా రెండు ప్లాట్‌ఫారం లైన్లతో సరిపెట్టవచ్చు. నడపడానికి అది కొంచెం చప్పగా ఉంటుందని ముందే చెప్పడం మంచిది; బండి వస్తుంది, ఆగుతుంది, పోతుంది.

రైలు ఎక్కడికి పోతుంది

ఎడమ కొసన పలక అయిపోయాక రైలు దాక్కునే చోటు కావాలి. దీన్ని ఫిడిల్ యార్డ్ అంటారు. ఇక్కడ పాయింట్లతో నిచ్చెనలా యార్డు వేస్తే మళ్ళీ ప్రతి పాయింటుకూ 310 మి.మీ. పోతుంది. ఒక కొసన మేకు మీద తిరిగే పలక వేసి, దాని మీద మూడు లైన్లు పరిస్తే, పలక తిప్పి కావలసిన లైనును స్టేషన్ వైపు కలపవచ్చు. మన రైలు ఇంజిన్‌తో కలిపి 1240 మి.మీ. లోపు, తిరిగే పలక 1300 ఉంటే చాలు. షీటు నుంచి మిగిలిన పట్టీల్లో ఒకటి దీనికి సరిపోతుంది. రెండూ కలిపి పన్నెండు అడుగుల పైచిలుకు అవుతుంది. చాలా గదుల్లో తలుపు అడ్డం వస్తుంది. అందువల్ల ఈ పలకను బోల్టులతో తగిలించి, నడిపేటప్పుడు మాత్రమే పెట్టుకునేలా చేయడం మేలు. గది మూల తిప్పుదామనుకుంటే 768 మి.మీ. వ్యాసార్ధానికి మూలలో రెండు వైపులా దాదాపు 850 మి.మీ. చొప్పున పోతుందని గుర్తుంచుకోండి.

ప్లాట్‌ఫారం అంచు

మన రైల్వేల్లో ఎత్తైన ప్లాట్‌ఫారం పట్టా మీది నుంచి 760 నుంచి 840 మి.మీ. వరకు ఉంటుంది, మోడల్‌లో 8.7 నుంచి 9.7 మిల్లీమీటర్లు. ట్రాక్ మధ్య నుంచి అంచు 1680 మి.మీ. దూరంలో ఉంటే మనకు 19.3 వస్తుంది. పెట్టె సగం వెడల్పు 18.6 కనుక ఎడం ముప్పావు మిల్లీమీటరు కూడా ఉండదు. ఇంకో మిల్లీమీటరు వదలడమే వివేకం. ప్లాట్‌ఫారం నేరుగా ఉన్నంతవరకే ఈ లెక్క. వంపు లోపలి వైపు పెడితే పెట్టె నడుము లోపలికి పొడుచుకు వస్తుంది. ఐసీఎఫ్ పెట్టె బోగీల మధ్య దూరం 14.783 మీటర్లు, స్కేలులో 170 మి.మీ.; దాని వర్గాన్ని వ్యాసార్ధానికి ఎనిమిది రెట్లతో భాగిస్తే, 768 వంపు మీద 4.7 మి.మీ. వస్తుంది. అంత దూరం అంచును వెనక్కి జరిపితే పెట్టెకూ ప్లాట్‌ఫారానికీ మధ్య బొమ్మ ప్రయాణికుడు పడిపోయేంత సందు కనిపిస్తుంది. ప్లాట్‌ఫారాన్ని నేరు లైను మీద పెట్టడానికి ఇదే పెద్ద కారణం.

కాగితం మీద రైలు నడపడం

ఎక్స్‌ట్రాక్‌క్యాడ్ ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్. ఎనీరైల్, స్కార్మ్ కూడా చాలామంది వాడతారు. అవి పాయింట్లు ఒకదానికొకటి అతికేలా చూస్తాయి గాని, ఇంజిన్ బయటపడుతుందో లేదో వాటంతట అవి చెప్పవు. అందుకని చివరికి అసలు కొలతతో కాగితం పరచి చూడాలి. పీకో తన పాయింట్ల నమూనా కాగితాలను ఉచితంగా ఇస్తుంది. జిరాక్స్ షాపులో ప్రింటు తీసేటప్పుడు పేజీకి సరిపోయేలా కుదించకుండా నూరు శాతం పెట్టమని చెప్పి, అక్కడే స్కేలు పెట్టి చూడండి. మీడియం పాయింటు 219 మి.మీ. కంటే తక్కువ ఉంటే ఆ కాగితం పనికిరాదు.

వాటిని నేల మీద 2440 పొడవున అతికించండి. అట్టపెట్టె నుంచి 256 × 37 మి.మీ. ముక్కలు నాలుగు, 197 మి.మీ. ముక్క ఒకటి, 177 మి.మీ. ముక్కలు మూడు నాలుగు కోయండి. ఇంజిన్ ముక్క మీద ముందు వెనుక గుర్తు పెట్టండి. తరువాత ఒక పూర్తి రోజు టైంటేబుల్‌ను నడిపి చూడాలి: ఉదయం ప్యాసింజరు వచ్చి తిరిగి వెళ్ళడం, మధ్యాహ్నం గూడ్స్ వచ్చి నిండు వ్యాగన్లు వదిలి ఖాళీవి తీసుకోవడం, సాయంత్రం మళ్ళీ ప్యాసింజరు. ప్రతి కదలికకూ నోట్‌బుక్‌లో ఒక గీత పెట్టండి, ప్రతి పాయింటు పక్కన అది ఎన్నిసార్లు మారిందో రాయండి. రోజంతా నడిపినా ఒక్కసారి కూడా మారని పాయింటు ఏదైనా కనిపిస్తే దాన్ని తీసేయండి. నా రెండవ ప్లాన్‌లో ఇలా చూస్తే ఆరు పాయింట్లలో రెండు ఉత్తవే అని తేలింది; ఆ రెండింటి చోటులో ఒక పెట్టె ఎక్కువ పట్టింది.

అట్టముక్కలు నడిపేటప్పుడే ఇంజిన్‌ను ఎక్కడ విడదీస్తారో గుర్తించండి. అయస్కాంతంతో విడిపోయే కప్లింగులైతే ఆ అయస్కాంతం నేరు పట్టాలోనే ఉండాలి, పాయింటులో కాదు. అగరుబత్తి పుల్లంత సన్నని కర్రతో చేత్తో విడదీసేవారైతే ప్లాట్‌ఫారం కప్పు చేతికి అడ్డం రాకుండా ఆ చోట కప్పు పెట్టకూడదు.

ప్లాన్ ఖరారు చేసేముందు

కాగితం మీద బేస్‌బోర్డు కింది చట్రాన్ని కూడా గీయండి. పాయింటు మోటారు పలక కింద, నాలుకల దగ్గర ఉంటుంది. సరిగ్గా అక్కడే అడ్డ చెక్క వస్తే దాన్ని తొలవడం తప్ప దారి ఉండదు. అడ్డ చెక్కను జరపడం కాగితం మీద చాలా తేలిక. ఎనిమిదడుగుల పలకను మోసుకుపోయే వీలు కోసం రెండు నాలుగడుగుల ముక్కలుగా కోస్తే, అతుకు బఫర్ నుంచి 1220 దగ్గర వస్తుంది. మన ప్లాన్‌లో ప్లాట్‌ఫారం లైను, లూప్ అక్కడ నేరుగా ఉన్నాయి, సైడింగ్ పాయింటు 1380 దగ్గరే ముగుస్తుంది. అతుకు మీద పాయింటు పడకపోవడం అదృష్టం కాదు, 1600 అన్న అంకెను ఎంచుకున్నప్పుడు ఇది కూడా చూసుకున్నాను.

కరెంటు విషయంలో టెర్మినస్ సులువైనదే. రైలు గుండ్రంగా తిరిగి ఎదురు దిశలో అదే లైనును కలవదు గనుక ప్లస్, మైనస్ తారుమారయ్యే ప్రమాదం ఉండదు. లోహపు క్రాసింగులో (రెండు దారుల పట్టాలు ఒకదాన్నొకటి దాటే చోట) కరెంటు ఉండే ఎలక్ట్రోఫ్రాగ్ పాయింట్లు వాడితే, లూప్‌కు రెండు కొసల్లో క్రాసింగులు ఎదురెదురుగా ఉంటాయి కనుక వాటి నుంచి వచ్చే లోపలి పట్టాలకు ప్లాస్టిక్ జాయినర్లు పెట్టి వేరుచేసి, మధ్య భాగాలకు విడిగా వైర్లు ఇవ్వాలి. డీసీసీ (ప్రతి ఇంజిన్‌కూ విడిగా ఆదేశం పంపే డిజిటల్ పద్ధతి) కాకుండా మామూలు డీసీ కంట్రోలర్‌తో నడిపేవారు బఫర్ దగ్గరి తోకను ఒక స్విచ్చుతో ఆపుకునే ప్రత్యేక భాగంగా చేస్తే, రెండో ఇంజిన్ వచ్చి పెట్టెలు తీసుకుపోయేటప్పుడు మొదటిది కదలకుండా నిలుస్తుంది. ఈ స్థానాలన్నీ ఎర్ర పెన్నుతో ప్లాన్ మీదే గుర్తించండి.

పలకను కాళ్ళ మీద నిలిపాక నీటిమట్టంతో చూడండి. మన రైల్వేల్లో కొత్త స్టేషన్ యార్డుల వాలు 1200లో 1 కంటే ఎక్కువ ఉండకపోవడం మంచిదంటారు; వాలు ఉంటే మోడల్ వ్యాగన్లు కూడా దొర్లిపోతాయి. ఒక వ్యాగన్‌ను సైడింగ్‌లో వదిలి, కాఫీ తాగి వచ్చేసరికి అది అక్కడే ఉంటే, నమూనా కాగితం మీదుగా పాయింటు నాలుకల చోట గుండుసూది గుచ్చి, ప్లైవుడ్ మీద గుర్తు పడనిచ్చి, కాగితం తీసేయవచ్చు. మొదట అతికించవలసింది కుడి పాయింటు. తక్కిన కొలతలన్నీ దాని నాలుకల నుంచే వస్తాయి.